పదహారు తేనెపెట్టెలు

జైలు, రెండో బ్యారక్
చలికాలం చివర

అక్కా,

చేరాను. ఒంట్లో బాగానే ఉంది. ఇక్కడ వడ్రంగి షెడ్డులో పని ఇచ్చారు, బల్లలకు కాళ్ళు బిగించే పని. నెలకు రెండు ఉత్తరాలు రాసుకోవచ్చు. పోయేవీ వచ్చేవీ ఆఫీసరుగారు చదువుతారు. కాబట్టి ఆయనకు చెప్పలేనిది నీకూ చెప్పలేను.

ఒక్క పని చెప్తాను, కాదనకు. మీ పెరట్లో దించిన ఆ పదహారు తేనెపెట్టెలూ ఎవరికైనా ఇచ్చెయ్. తీసుకునేవాళ్ళు లేకపోతే తగలబెట్టు. వాటి ఊసు నాకు రాయొద్దు. ఈగలంటే నీకెంత భయమో నాకు తెలుసు. చిన్నప్పుడు ఒక్కటి కుడితే వారం రోజులు బడి ఎగ్గొట్టావు.

బైబిలు వాక్యాలు కూడా రాయొద్దు. ఆ చనిపోయినాయన ఇంటివాళ్ళ కోసం ప్రార్థన చేద్దామంటేనే నాకు నోరు పెగలడం లేదు.

బావని అడిగానని చెప్పు.

తమ్ముడు


కుట్టుమిషను గది
ఎండలు మొదలైన వారం

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మీ బావ అన్న మొదటి మాట, "ముందు అగ్గిపెట్టె దాచెయ్, మీ ఇద్దరి కోపాలూ నాకు తెలుసు" అని. దాచక్కర్లేదు. నేను తగలబెట్టను.

తెల్లవారుజామున పెట్టెలేసుకుని వ్యాను నడుపుతూ నువ్వు కునుకు తీశావు. పనికి పోతున్న తాపీమేస్త్రీ సైకిలు మీద ఉన్నాడు. ఒక ప్రాణం పోయింది. దానికి నీకు ఏడాదిన్నర వేశారు. అందులో ఈగల తప్పేముందిరా?

జైలుకు బయల్దేరిన రోజు నువ్వు పెట్టె మూత మీద చెయ్యి వేసి "చూసుకో అక్కా" అన్నావు. తగలబెట్టమన్నది ఆ తర్వాతి మాట. నేను మొదటి మాటే పట్టుకున్నాను. అలాగని గొప్పలు పోను. నెల రోజులు వెనక తలుపు గడియ తీయలేదు. పోయిన ఆదివారం పాస్టరుగారు, యజమాని దూరదేశం పోతూ పనివాళ్ళకు తన ఆస్తి అప్పగించిన కథ చెప్పారు. ఒకడు భయపడి తనకిచ్చింది గోతిలో పాతిపెట్టాడు చూడు, అక్కడికొచ్చేసరికి నాకు మా వెనక తలుపు గుర్తొచ్చింది. నేను చేస్తున్నదీ అదే కదా. గొయ్యి తవ్వలేదు, గడియ పెట్టుకున్నాను, అంతే తేడా.

సోమవారం పొద్దున నా పెళ్ళి ముసుగు తీసి మీ బావ టోపీకి కుట్టాను. ఇన్నేళ్ళకు దానికో పని దొరికింది. ఆయన వానకోటు, హెల్మెట్టు వేసుకుని ఈగల్ని నెమ్మదింపజేసే పొగడబ్బా పట్టుకున్నాడు. అయినా ఒకటి ఎక్కడ దూరిందో, బుగ్గ బంతిలా ఉబ్బింది. డిపోలో బస్సుల కింద దూరి పనిచేసే మెకానిక్కు, ఈగ కుట్టిందని రెండు రోజులు సెలవు పెట్టాడు.

మూత ఎత్తగానే వెచ్చటి ఊపిరి నా ముఖానికి తగిలింది. మైనం, తేనె, పచ్చి చెక్క కలిసిన వాసన. తేనెపట్టు ఉన్న ఒక చట్రం పైకి తీశాను. వేల ఈగలు. ఒక్కటీ నన్ను పట్టించుకోలేదు. ముప్పై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను, టేపు పెట్టకుండా రెండు చేతులు ఒక్క కొలతకి తేలేను. అవి చీకట్లో, సుద్ద లేకుండా, స్కేలు లేకుండా, వెంట్రుకవాసి తేడా రాకుండా గదులు కట్టాయి. వీటికి ఎవరు చెప్పారురా? ఎప్పుడు చెప్పారు? చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా నా లోపల అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. చట్రం పట్టుకుని ఎంతసేపు నిలబడిపోయానో తెలియదు.

ఇవి నీవీ కావు, నావీ కావు. వీటి యజమాని వేరే ఉన్నాడు. ఆయన అడిగేదాకా చూసుకుంటాను.

అక్క


జైలు, వడ్రంగి షెడ్డు

అక్కా,

రాయొద్దన్నాను, రాశావు. సరే.

చట్రాన్ని అంతసేపు ఎండలో పట్టుకోకూడదు. లోపలి పిల్లపురుగులు మాడిపోతాయి. నల్లబట్టలు కట్టుకోకు. తలకు నూనె రాసుకుని పోకు. కుడితే ముల్లు వేళ్ళతో పట్టి పీకకు, గోటితో పక్కకు గీకు. బావకు కూడా చెప్పు. పెట్టెల కాళ్ళ కింద గిన్నెల్లో నీళ్ళు ఎండిపోతే చీమలు ఎక్కుతాయి.

ఇంతే. ఇక రాయొద్దు.

మూడో వరసలో చివరి పెట్టెకు పక్కన నీలం గీత ఉంటుంది. అది ఎలా ఉంది?

తమ్ముడు


పెరటి అరుగు
పూలు విరగబూసిన నెల

తమ్ముడూ,

నీలం గీత పెట్టె లేచిపోయింది. ఉండు, కంగారుపడకు, మొత్తం చదువు.

మూడు వారాల కిందట, సోమవారం పొద్దున పదింటికి బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంటే పెరట్లోంచి వాన చప్పుడు వినబడింది. కిటికీలోంచి చూస్తే మబ్బు లేదు. బయటికి పరిగెత్తాను. ఆ పెట్టె నోట్లోంచి ఈగలు పాలు పొంగినట్టు పొంగి పైకి లేస్తున్నాయి. పెరడంతా అవే. నా చుట్టూ, నా తల మీదుగా, నా చేతులకు తగులుతూ తిరుగుతున్నాయి. ముసుగు లేదు నాకు. భయపడాలన్న సంగతే గుర్తురాలేదు. ఎర్రసముద్రం పాయలయినప్పుడు నడిచినవాళ్ళకు ఇలాగే ఉండి ఉంటుంది, పరిగెత్తాలో నిలబడి చూడాలో తెలియకుండా.

అప్పుడు కంచె అవతల ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో సంచి, ఏదో మాట్లాడటానికి వచ్చినట్టు ముఖం. గుంపంతా పోయి ఆవిడ పక్కనున్న కంచె గుంజ మీద వాలింది. ఆవిడ మోచేతికి జానెడు దూరం. నిమిషంలో గుంజ కనబడకుండా పోయింది. ఊపిరి తీసుకుంటున్న గుత్తి ఒకటి వేలాడుతోంది. ఆవిడ కదల్లేదు. నేను అరవబోతే వేలు పెదవి మీద పెట్టి నన్నే ఆపింది.

కాసేపటికి "ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగింది. నాకు మాత్రం ఏం తెలుసు? నువ్వు ఈగల పనులు రాసుకున్న నోటుబుక్కు తెచ్చి గట్టిగా చదివాను. ఆవిడ ఖాళీ పెట్టె కింద పట్టుకుంది, నేను మెత్తటి బ్రష్షుతో తోశాను. రాణి ఈగ లోపల పడినట్టుంది. మిగిలినవన్నీ బడి గంట కొట్టినప్పుడు పిల్లలు వరసకట్టినట్టు వాటంతట అవే నడిచి లోపలికి పోయాయి. మేమిద్దరం నేల మీద కూర్చుని చివరి ఈగ దాకా చూశాం. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నావీ పొడిగా లేవు.

వచ్చే వారం చూడటానికి రావచ్చా అని అడిగింది. రమ్మన్నాను. అప్పట్నుంచి ప్రతి సోమవారం సాయానికి వస్తోంది.

అక్క


జైలు, వడ్రంగి షెడ్డు

అక్కా,

ఉత్తరం చేతికిస్తూ ఆఫీసరుగారు, "పెట్టెలో పడ్డాయిలేవయ్యా" అన్నారు, నేను కవరు తెరవకముందే. ఇప్పుడు బ్యారక్‌లో సగం మంది మీ పెరటి సంగతులు అడుగుతున్నారు.

గుంపు లేచే ముందు చట్రం అంచుల్లో వేరుశనక్కాయల్లాంటి పెద్ద గదులు కనిపిస్తాయి. కొత్త రాణి కోసం కట్టేవి అవి. వారానికోసారి వెతకండి. వానలు పడితే పూలుండవు, అప్పుడు పంచదార పానకం పెట్టాలి.

ఎవరావిడ? ఈగల దగ్గర చెయ్యి వణకని మనిషి వెయ్యిమందిలో ఒక్కరుంటారు. ఆవిడను వదులుకోకు. నా పాత ట్రంకులో ఉన్న నా చేతితొడుగులు, నా ముసుగు తీసి ఆవిడకివ్వు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదువుతున్నంతసేపూ నేనెవరినో మర్చిపోయాను. మడిచాక గుర్తొచ్చింది.

తమ్ముడు


కుట్టుమిషను గది
వానలు వెలిశాక

తమ్ముడూ,

మూడు నెలలుగా "అన్నీ బాగానే ఉన్నాయి" అని ఒక ముక్క రాసి పంపుతున్నాను. బాగాలేవు.

పానకం నువ్వు చెప్పినట్టే పెట్టాను, కానీ మూతలు సరిగ్గా మూయలేదు. వాసనకు పక్క పెట్టెలవి వచ్చిపడి బలహీనమైనవాటిని దోచుకున్నాయి. కొన్నిటికి మైనపు పురుగు పట్టింది. గుంపుతో కలిపి పదిహేడున్నాయి కదా, ఇప్పుడు తొమ్మిది. ఆ తొమ్మిదిలోనూ నాలుగు ఇచ్చేశాను. ఇంత నమ్మకమైన పనిమనిషి నీకెక్కడా దొరకదు.

ఎవరికిచ్చానో చెప్పాలి. ఆవిడెవరని నువ్వు అడిగితే నేను జవాబు ఎగ్గొట్టాను. ఆవిడ ఆ మేస్త్రీ భార్య.

మొదటిరోజే గుర్తుపట్టాను. కోర్టులో ప్రతి వాయిదాకూ ఒకే బెంచీ మీద ఈ చివర నేను, ఆ చివర ఆవిడ. ఆవిడకూ నేనెవరో తెలుసు. ఆ రోజు వచ్చింది నన్ను నాలుగు మాటలు అని, మా ఇంటి ముఖాన ఉమ్మేసి పోదామని. తర్వాత తనే చెప్పింది. ఈగలు వచ్చి పక్కన వాలాయి. అనాలనుకున్నవి నోట్లోనే ఆగిపోయాయట.

వారాల తరబడి నీ గురించి గానీ ఆయన గురించి గానీ ఒక్క మాట అనుకోలేదు మేము. ఈగల సంగతులే. వానల్లో ఒక పెట్టెకు చెవి ఆనించి, "ఇది ఏడుస్తోందండీ, దీని రాణి పోయినట్టుంది" అంది. నేనూ విన్నాను. నిజంగా ఏడుపే. దాన్ని పక్క పెట్టె మీద పెట్టి, మధ్యలో పాత పేపరు పరిచాం. రెండువైపుల నుంచీ పేపరు కొరుక్కుంటూ, ఒకదాని వాసన ఒకటి అలవాటు పడుతూ, మూడో రోజుకు ఒక్క ఇల్లయిపోయాయి. ఆ రోజు చట్రం చేతిలో పట్టుకుని ఆవిడ అంది, "మా ఆయన ఇటుక మీద ఇటుక ఇలాగే పేర్చేవాడు. చూస్తుంటే ఇంటికి పోవాలనిపించేది కాదు." నేను పక్క చట్రం తీసి ఆవిడకు చూపించాను.

పెట్టెలిస్తానంటే, జాలితో ఇస్తే వద్దంది. జాలి కాదు, నా చేతిలో చస్తున్నాయి, మీ చేతిలో బతుకుతాయి అన్నాను. పరిహారంగా ఇవ్వలేదు, అంత తెలివితక్కువదాన్ని కాదు. కానీ నిన్ను అడక్కుండా ఇచ్చాను. అప్పగించినవాడు వచ్చినప్పుడు ఏం అడుగుతాడు? అది ఎవరి పెరట్లో ఉందనా, బతికుందా అనా? రెండోదే అనుకున్నాను. తప్పయితే తిట్టు.

అక్క


జైలు, రెండో బ్యారక్
చలి మొదలైంది

అక్కా,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు. పెట్టెలిచ్చినందుకు కోపం లేదు. నా చేతితొడుగులు ఆవిడకివ్వమని రాసింది నేనే కదా. అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కోర్టులో అడిగిన ప్రతిదానికీ నిజమే చెప్పాను. ఒకటి ఎవరూ అడగలేదు.

వ్యాను ఆగాక దిగాను. ఆయన రోడ్డు పక్కన పడి ఉన్నాడు. చూశాను. వెనక తాళ్ళు తెగి పెట్టెలు కిందపడ్డాయి, రెండు పగిలిపోయి ఈగలు లేస్తున్నాయి. నేను మొదట పెట్టెలు ఎత్తాను అక్కా. ఒక్కొక్కటే ఐదు పెట్టెలు ఎత్తి వ్యానులో నిలబెట్టాను. నా చేతులు వాటంతట అవే చేశాయని చెప్పుకోవచ్చు. పదేళ్ళ అలవాటని చెప్పుకోవచ్చు. కానీ ఆయన్ని చూశాకే ఎత్తాను. ఆ తర్వాత ఆయన దగ్గరికి పోయాను. అప్పటికే ఊపిరి లేదు. ఆ ఐదు పెట్టెలు ఎత్తేలోపల ఉందేమో.

ఈ పెట్టెలు దేవుడు నాకు అప్పగించినవని చర్చిలో ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పానో నీకు గుర్తుందా? ఆ రోడ్డు మీద, ఆ నిమిషంలో, దేవుడు నాకు అప్పగించింది ఆ మనిషిని. నేను పెట్టెలు సర్దుకున్నాను. అందుకే తగలబెట్టమన్నాను.

ఈ కాగితం ఆవిడకివ్వు. ఆఫీసరుగారు చదివి, "పంపమంటావా?" అని అడిగారు. పంపమన్నాను.

తమ్ముడు


కుట్టుమిషను గది
చలి ముదిరింది

తమ్ముడూ,

ఇచ్చాను.

వెంటనే ఇచ్చానని అబద్ధం చెప్పను. రెండు రోజులు కుట్టుమిషను సొరుగులో దాచాను. ఇవ్వకపోతే ఎవరికి తెలుస్తుందనిపించింది. నీకోసం కాదు, నాకోసం. సోమవారాలు పోతాయని భయం. ఆవిడ పక్కన లేకుండా ఆ పెట్టెల ముందు నిలబడటం ఊహించుకోలేకపోయాను. చివరికి తోచింది, ఆ కాగితం నాకు రాసింది కాదు, నా చేతికిచ్చింది మాత్రమే.

కంచె దగ్గర నిలబడి చదివింది. మడిచింది. వెళ్ళిపోయింది. ఆ తర్వాతి సోమవారం రాలేదు, ఆపై సోమవారమూ రాలేదు. పోయి తలుపు తట్టే హక్కు నాకు లేదు. మూడో సోమవారం వచ్చింది. ఒక కాగితం నా చేతిలో పెట్టి, ముసుగు వేసుకుని పెట్టెల దగ్గరికి పోయింది. నేను విప్పలేదు. అలాగే పంపుతున్నాను.

అక్క


(దీనితో వచ్చిన కాగితం)

మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియదు. అందుకే పిలవడం లేదు.

చదివాను. మీకు వేసిన శిక్ష చాలదనుకున్నాను. మీ అక్కగారిచ్చిన నాలుగు పెట్టెలూ మా గోడ పక్కనే ఉన్నాయి. వాటి ముఖం చూడబుద్ధి కాలేదు. ఒకరోజు మధ్యాహ్నం కిరసనాయిలు డబ్బా పట్టుకుని వాటి ముందు నిలబడ్డాను. అవి కాళ్ళకు పుప్పొడి అంటించుకుని వస్తూనే ఉన్నాయి. నా చేతి పక్కనుంచే లోపలికి పోతున్నాయి. నేనేం చెయ్యబోతున్నానో వాటికి తెలియదు. అన్ని వేల ప్రాణాలు నా ఒక్క చేతిలో ఉన్నాయని అప్పుడు తెలిసింది. దేవుడు నా ఎదురుగా నిలబడి, ఏం చేస్తావో చూస్తానన్నట్టు ఉంది. డబ్బా లోపల పెట్టేశాను.

మీకొకటి చెప్పాలి. కోర్టులో చదివిన కాగితాల్లో తలకు దెబ్బ అని మాత్రమే ఉంది. ఆసుపత్రిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు, నేలకు తగిలిన క్షణంలోనే పోయాడని, ఆ తర్వాత ఒక్క శ్వాస కూడా లేదని. మీరు పరిగెత్తినా పోయినవాడి దగ్గరికే పరిగెత్తేవారు. పెట్టెలు ఎత్తేటప్పుడు మీకా సంగతి తెలియదు, కాబట్టి మీరు చేసింది ఒప్పయిపోదు. కానీ ఆయన మీకోసం చూస్తూ పడి ఉన్నాడని మీరు అనుకుంటుంటే, అలా జరగలేదు.

ఇది నా దగ్గరే అట్టిపెట్టుకోవచ్చు. రెండు వారాలు అట్టిపెట్టుకున్నాను. మీ బరువు మీరు మొయ్యండి. మీది కానిది మొయ్యొద్దు.

క్షమించానని రాయడం లేదు. ఆ మాట దేవుడి ముందు అనగలిగిన రోజు వస్తే మీకు తెలుస్తుంది.


జైలు, వడ్రంగి షెడ్డు
చలి తగ్గింది

అక్కా,

ఆఫీసరుగారు ఆ కాగితం విప్పి, రెండు వరసలు చదివి, మళ్ళీ మడిచేశారు. "ఇది నేను చదవాల్సింది కాదు" అని నా చేతికిచ్చి గదిలోంచి బయటికి వెళ్ళారు.

చెక్కపొట్టులోనే మోకాళ్ళ మీద పడ్డాను. ఏడాది తర్వాత మొదటిసారి. ప్రార్థన అనడానికి మాటలేం లేవు. నన్ను జన్మంతా నరకంలో ఉంచగలిగే నిజం ఆవిడ గుప్పిట్లో ఉంది. గుప్పిలి విప్పితే చాలు నేను బయటపడతాను. విప్పక్కర్లేదు, ఎవరూ అడగరు. విప్పింది. అంత దుఃఖంలో ఉన్న మనిషి, నాదెంతో నాది కానిదెంతో తూచి, రవ్వంత తేడా రాకుండా నా చేతిలో పెట్టింది. నేను పదేళ్ళు ఈగల్లో దేవుణ్ణి చూశాననుకున్నాను. ఆయన ముందు నిలబడటం అంటే ఏమిటో ఈ కాగితం చదువుతుంటే తెలిసింది. భయం వేసింది అక్కా. మంచి భయం.

శిక్ష కొంత తగ్గించారు. ఐదు వారాల్లో విడుదల. పెట్టెలు నావి అనుకుని రాను. అక్కడ పెత్తనం ఆవిడదే. నన్ను పనికి పెట్టుకుంటారేమో కనుక్కో. వద్దంటే వేరే ఊళ్ళో వడ్రంగం చూసుకుంటాను, తప్పుపట్టను.

తమ్ముడు


పెరటి అరుగు
పొద్దుతిరుగుడు పూసింది

తమ్ముడూ,

అడిగాను.

ఆవిడ చేతిలో చట్రం ఉంది. రెండువైపులా తిప్పి చూసి, లోపల దించి, మూత సరిగ్గా పెట్టింది. మీ బావ పొగడబ్బాతో బొమ్మలా నిలబడిపోయాడు, ఊదడం మర్చిపోయి. తర్వాత ఆవిడ ముసుగు ఎత్తి అంది, "పెట్టెల దగ్గరికి రమ్మనండి. మా గుమ్మం దాకా మాత్రం వద్దు. ఇప్పుడే కాదు."

ఆమె ఇంటి దగ్గరవి, ఇక్కడివి కలిపి ఇప్పుడు పదమూడు. ఆవిడ బలమైన గుంపుల్ని రెండుగా విడదీసి పెట్టెలు పెంచింది. ఊరవతల పొద్దుతిరుగుడు తోటవాళ్ళు పెట్టెలు పెట్టుకోమన్నారు. నడిస్తే గంట. మీ బావ డిపోలో ఎవరి వ్యానైనా అడుగుతానన్నాడు. ఆవిడ వద్దంది. తోపుడుబండి మీద, ఒక్కో విడతకు మూడే పెట్టి, నాలుగైదు రోజులు నెమ్మదిగా నడిచి చేరుద్దామంది. నువ్వు వచ్చిన మర్నాడే మొదలు, తెల్లవారుతుండగా, ఈగలు బయటికి రాకముందు.

పదిమంది ఉంటే నాకింత భయం ఉండేది కాదురా, మీరిద్దరే మనుషులు, మూడు పెట్టెలు, వాళ్ళాయన పడిపోయిన ఆ రోడ్డు. ఎవరు లాగాలి, ఎవరు వెనక ఉండాలి అని నేను అడిగేలోపే ఆవిడే అంది:

"బండి ఆయన లాగుతాడు. రోడ్డు నేను చూస్తాను."

అక్క